మూడు ఇళ్ళకి కలిపి ఒక రిసార్ట్ మెంబర్‌షిప్ కొందామనుకుంటే: నా అనుభవం

ఫిబ్రవరిలో మొదలై మే నెలలో తేలిన వ్యవహారం ఇది. మా అత్తగారి వైపు మూడు కుటుంబాలం కలిసి ఒక హాలిడే మెంబర్‌షిప్ తీసుకుందామా వద్దా అన్నది సంగతి. ఒకసారి పెద్ద మొత్తం కడితే 25 ఏళ్ళపాటు, ఏడాదికి ఏడు రాత్రులు, ఆ కంపెనీకి ఉన్న రిసార్టుల్లో ఎక్కడైనా ఉండొచ్చు. టైమ్‌షేర్ అంటే ఇదే. కంపెనీ పేరు రాయను. ఇంకో కంపెనీ దగ్గరికి వెళ్ళిన మా కొలీగ్ కూడా దాదాపు ఇదే కథ చెప్పింది.

మూడు కుటుంబాలంటే మా బావగారు, అక్క (మా తోడికోడలు), వాళ్ళిద్దరు పిల్లలు. తర్వాత మేము నలుగురం. విజయవాడలో మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ళ పిల్లలు. అత్తయ్య, మామయ్యలతో కలిపితే పధ్నాలుగు మందిమి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సంక్రాంతికి ముందు కూకట్‌పల్లిలో ఒక మాల్‌లో అక్క కూపన్ నింపి డబ్బాలో వేసింది. పేరు, ఫోన్ నంబరు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, కారు ఉందా, నెల ఆదాయం ఎంత. లక్కీ డ్రా కోసం ఇవన్నీ ఎందుకని అప్పుడు ఎవరికీ తోచలేదు. పండగ అయిపోయాక ఫోన్లు మొదలయ్యాయి. మీకు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోవాలి అని. బావగారు పట్టించుకోలేదు. వాళ్ళు వదల్లేదు. మీ బంధువుల్లో ఇంకో జంట ఉంటే వాళ్ళనీ తీసుకురండి, ఒక్కో జంటకి ఒక్కో గిఫ్ట్ అన్నారు. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్ కదా, ఆడపడుచు వాళ్ళు ఒక పెళ్ళికని హైదరాబాద్‌లోనే ఉన్నారు. అలా ఫిబ్రవరి 9, ఆదివారం నాడు మూడు జంటలూ, పిల్లలూ ఒక పెద్ద హోటల్‌కి వెళ్ళాం. మామయ్య కూడా సరదాగా వస్తానన్నారు.

గంటన్నర చాలన్నారు. పదకొండింటికి కూర్చున్నవాళ్ళం లేచేసరికి నాలుగు దాటింది.

హాల్లో పాటలు గట్టిగా పెట్టారు. పక్కవాళ్ళ టేబుల్ దగ్గర ఏం మాట్లాడుకుంటున్నారో వినపడదు. కాసేపటికోసారి మైకులో "ఫలానా కుటుంబానికి అభినందనలు" అంటారు, అందరూ చప్పట్లు కొడతారు. పిల్లలకి ఓ మూల రంగుల పెన్సిళ్ళు, చిప్స్ ప్యాకెట్లు ఇచ్చారు. మా దగ్గర కూర్చున్న అబ్బాయికి ముప్పై కూడా ఉండవు. మర్యాదగా మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. ముందు ధర చెప్పడు. "గత అయిదేళ్ళలో మీరు ఎక్కడెక్కడికి వెళ్ళారు సార్?" అని అడిగాడు. బావగారు తిరుపతి, శ్రీశైలం, బంధువుల పెళ్ళిళ్ళు చెప్పారు. "మేడమ్, మీకు ఎక్కడికి వెళ్ళాలని ఉంది?" అని అక్కని అడిగాడు. అక్క కాస్త ఆగి, "కూర్గ్" అంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఆ మాట ఆవిడ నోట మేమెవ్వరం వినలేదు. అబ్బాయి టాబ్లెట్ తిప్పి కూర్గ్ రిసార్ట్ ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. కాఫీ తోట, పొగమంచు, బాల్కనీలో రెండు కుర్చీలు. ఆ తర్వాత అతను ఇంకేం చెప్పకపోయినా సరిపోయేది.

ఆ తర్వాత లెక్క. తెల్ల కాగితం తీసి, ఈరోజు మంచి హోటల్ గది రాత్రికి 8,000 అనుకోండి అన్నాడు. ఏటా 10 శాతం చొప్పున పెరుగుతూ పోతే 25 ఏళ్ళకి 86 వేలు దాటుతుంది, కావాలంటే కాలిక్యులేటర్‌లో చూసుకోండన్నాడు. మా ఆయన చూశారు, నిజమే. "మీరు ఈరోజు ధరకే 25 ఏళ్ళు తిరుగుతారు సార్" అని ఆ 86 వేల చుట్టూ సున్నా చుట్టాడు. ఆ కాగితం మనకి ఇవ్వరు. మా ఆయన అడిగితే, ఇది రఫ్ సార్, ఫైనల్ పేపర్లు వస్తాయి అన్నాడు. అయినా ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. తర్వాత మాకు బాగా అక్కరకొచ్చింది ఆ ఫొటోనే.

మూడు కుటుంబాలు కాబట్టి రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ చూపించాడు. ధర 9,60,000. బావగారు లేవబోతే మేనేజర్‌ని అడిగి వస్తానని వెళ్ళి తొమ్మిది లక్షలన్నాడు. ఆ తర్వాత మేనేజరే వచ్చి కూర్చుని 8,40,000 చేశాడు. ఈ ధర ఈరోజుకే, ఈ టేబుల్ మీదే. ఇప్పుడు పది శాతం కడితే చాలు, మిగతాది 48 నెలల ఈఎంఐ. పైగా "ముగ్గురు పంచుకుంటే మనిషికి రెండు లక్షల ఎనభై వేలే సార్, ఒక స్కూటీ, ఒక ఫ్రిజ్ కొన్నంత" అన్నాడు.

ఆ "ముగ్గురు పంచుకుంటే" దగ్గరే అందరం మెత్తబడ్డాం. ఒక్కో కుటుంబం విడిగా వచ్చి ఉంటే ఎవ్వరమూ అక్కడ జేబులో చెయ్యి పెట్టేవాళ్ళం కాదు. ముగ్గురం కలిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. వద్దంటే నాకు స్తోమత లేదనుకుంటారేమోనని అన్నయ్యగారు, అన్నకి ఎదురు చెప్పినట్టవుతుందేమోనని మా ఆయన, ఆశపడిన అక్క ముందు కాదనలేక బావగారు. నేను నోరు తెరవబోతే ఆడపడుచు నా చెయ్యి నొక్కి, "పెద్దన్నయ్య చూసుకుంటాడులే వదినా" అంది. బావగారి క్రెడిట్ కార్డు మీద 84,000 గీశారు. ఆయనా అక్కా సంతకాలు పెట్టారు. మైకులో మా ఇంటిపేరు చదివారు. చప్పట్లు.

మామయ్య కారెక్కేదాకా ఏం మాట్లాడలేదు. ఎక్కాక, "ఇందాక అరవై వేలు తగ్గించాడు కదా, ఇంకాసేపు కూర్చుంటే ఇంకో అరవై తగ్గించేవాడు. అలాంటి వస్తువుకి అసలు ధర ఎంతరా?" అన్నారు. ఎవ్వరూ జవాబు చెప్పలేదు.

గిఫ్ట్ సంగతి కూడా చెప్పేస్తాను. ఒక్కో జంటకి మూడు పగళ్ళు, రెండు రాత్రుల వోచర్ ఇచ్చారు. వెనక చిన్న అక్షరాల్లో ఉంది: శని, ఆదివారాలు, పండగలు కుదరవు, 45 రోజుల ముందు అడగాలి, బుకింగ్ చార్జీ 2,999, దాని మీద జీఎస్టీ. ముగ్గురిలో ఎవ్వరం వాడలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నేను అప్లికేషన్ కాపీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను కాబట్టి చిన్న అక్షరాలు చదవడం అలవాటే. మొదట కనపడింది రద్దు నిబంధన. డబ్బు కట్టిన తేదీ నుంచి పది రోజుల్లోపల రాతపూర్వకంగా చెబితే కట్టిందంతా తిరిగి ఇస్తారు. అగ్రిమెంట్ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, డబ్బు కట్టిన రోజు నుంచి. అసలు అగ్రిమెంటేమో మెయిల్‌లో 13న, గురువారం సాయంత్రం వచ్చింది. అంటే పూర్తి నిబంధనలు చదవడానికి మిగిలింది గడువులో సగమే. ఇలాంటి చోట సంతకం పెట్టినవాళ్ళు మొట్టమొదట చూసుకోవాల్సింది ఈ తేదీయే. మాకైతే గడువు ఫిబ్రవరి 19.

ఇక లెక్కలు. ఏటా మెయింటెనెన్స్ ఫీజు ఉంటుందని టేబుల్ దగ్గర చెప్పారు, దాచలేదు. 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. ఆ ఏడాది మనం వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాలి. కట్టకపోతే బుకింగ్ ఇవ్వరు, బాకీకి వడ్డీ పడుతుంది. ఇది ఏటా ధరల సూచీని బట్టి పెరుగుతుందని అగ్రిమెంట్‌లో ఉంది. ఇప్పుడు ఆ ఫొటో తీసిన కాగితం చూడండి. హోటల్ గది ఏటా 10 శాతం పెరుగుతుందని 86 వేలదాకా తీసుకెళ్ళినవాడు, మెయింటెనెన్స్‌ని మాత్రం 25 ఏళ్ళూ 35,400 దగ్గరే కట్టేసి ఉంచాడు. నేను పదిశాతం వద్దని అయిదు శాతమే వేశాను. 25 ఏళ్ళకి మెయింటెనెన్స్ ఒక్కటే కలిపి దాదాపు 16 లక్షల 90 వేలు వచ్చింది. కొనే ధరకి రెట్టింపు. నాకే నమ్మకం కుదరక మా ఆయన చేత మళ్ళీ వేయించాను.

ఈఎంఐకి 15 శాతం వడ్డీ. మిగిలిన 7,56,000కి నెలకి 21 వేల పైచిలుకు, 48 నెలలకి పది లక్షలు దాటుతుంది. ఈఎంఐ లేకుండా మొత్తం చేతిలోంచి కడదామన్నా, అదే 8,40,000 బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి 58,800 వడ్డీ. దానికి మెయింటెనెన్స్ 35,400 కలిపితే 94,200. ఆ డబ్బుతో ఏడు రాత్రులు, రాత్రికి పదమూడు వేల పైన పెట్టి ఎక్కడైనా ఉండొచ్చు, పైగా అసలు అసలుగానే ఉంటుంది.

ఇంకొకటి, సీజన్లకి రంగులు. రద్దీని బట్టి ఏడాదిలో రోజులకి రంగులు పెడతారు, మనం కొన్న రంగుకి పై రంగు రోజుల్లో గది ఇవ్వరు. మాకు అమ్మింది ఎరుపు. దానికి పైన ఇంకో రంగు ఉంది. అగ్రిమెంట్ వెనక ఉన్న క్యాలెండర్‌లో కూర్గ్, ఊటీ, మున్నార్ వరసల్లో మే నెల వెతికాను. మే అంతా ఆ పై రంగే. డిసెంబరు చివరి వారమూ అంతే. మా ఇళ్ళలో పిల్లలందరూ బడికీ కాలేజీకీ వెళ్ళేవాళ్ళే. బళ్ళకి సెలవులిచ్చేది ఏప్రిల్ 24కి. అంటే మేము కలిసి కదలగలిగే రోజుల్లో మా మెంబర్‌షిప్ చెల్లదు. రంగు పెంచుకోవాలంటే ఇంకో రెండు లక్షలు.

తర్వాత పధ్నాలుగు మంది లెక్క. రెండు బెడ్‌రూములకి ఆరుగురు. ముగ్గురం కలిసి కొంటున్నది కలిసి వెళ్ళడానికే అనుకున్నాం, కానీ కలిసి వెళ్తే పట్టం. వంతులేసుకుంటే ఒక్కో కుటుంబానికి మూడేళ్ళకోసారి వస్తుంది, లేదా ఏడాదికి రెండున్నర రాత్రులు కూడా రావు. దీన్ని టేబుల్ దగ్గర ఎవ్వరమూ అడగలేదు. ఆ అబ్బాయి ఎందుకు చెబుతాడు?

ఇవన్నీ డబ్బు లెక్కలు, కాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా గంటలో వేసుకోవచ్చు. నన్ను ఆపింది దరఖాస్తులో పేర్ల గడి. మెంబర్ ఒకరు, జాయింట్ మెంబర్ ఆయన భార్యో ఆమె భర్తో. మూడో పేరుకి గడి లేదు. డబ్బు ముగ్గురిదైనా కాగితం మీద అది బావగారి ఆస్తి, మేమూ ఆడపడుచు వాళ్ళూ అతిథులం. మెంబర్ లేకుండా వచ్చే అతిథులకి రాత్రికింత అని అదనపు చార్జీ కూడా ఉంది. నాలుగేళ్ళ తర్వాత ఎవరైనా నా వంతు కట్టలేనంటే ఏం చెయ్యాలి? ఎవరికైనా అమెరికా ఉద్యోగం వస్తే? బావగారికి ఏదైనా అయితే ఆ మెంబర్‌షిప్ ఆయన పిల్లలకి వెళ్తుంది, అప్పుడు మా పిల్లలు వాళ్ళని అడుక్కోవాలా? ఈ ప్రశ్నలు బయటివాళ్ళతో వ్యాపారం చేస్తే మొదటి రోజే అడుగుతాం, స్టాంపు పేపరు మీద రాసుకుంటాం. సొంతవాళ్ళ దగ్గర అడగాలంటే గొంతు దాటదు. చిన్న కోడలు అడిగితే ఇంకానూ. బావగారి మీద నమ్మకం లేదా అంటారు. నమ్మకం ఉంది కాబట్టే అడగాలి అని చెప్పడం ఎంత కష్టమో ఆ వారం తెలిసింది. మూడు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా ఆయనతో "మీరు చెప్పండి" అంటాను, ఆయన "నువ్వు లెక్క వేశావు కదా, నువ్వే చెప్పు" అంటారు.

మధ్యలో న్యూజెర్సీలో ఉన్న మా పెద్దనాన్న కొడుక్కి ఫోన్ చేశాను. వాడు కొన్నేళ్ళ క్రితం పిల్లల్ని ఓర్లాండో తీసుకెళ్ళినప్పుడు, పార్కు టికెట్లు తక్కువకి ఇస్తామంటే ఇలాంటి మీటింగుకే వెళ్ళి కొన్నాడు. ఫ్లోరిడా చట్టంలో కూడా రద్దుకి పది రోజులు ఇస్తారట. వాడు ఆ పది రోజులూ డిస్నీలోనే గడిపి, ఇంటికొచ్చి తీరిగ్గా కవరు విప్పాడు. "ఇప్పుడు ఒక్క డాలర్‌కి పెట్టినా కొనేవాడు లేడే, మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ప్రతి జనవరికీ వచ్చేస్తుంది. 19వ తేదీ దాటనివ్వకు" అన్నాడు. ఆ మాటతో నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి బావగారింట్లో భోజనాలు. ఆడపడుచు వాళ్ళు వీడియో కాల్‌లో ఉన్నారు. నేను లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళాను. ముందు మెయింటెనెన్స్ చెప్పాను. బావగారు శ్రద్ధగా విన్నారు. రంగుల క్యాలెండర్ చూపించాను. అన్నయ్యగారు ఫోన్‌లోంచే, "అయితే మే నెలలో కుదరదా? మా అమ్మాయికి ఇంటర్ అయ్యాక ఎంసెట్ కూడా ఉంది, మేలో మేమెలాగూ రాలేం" అన్నారు. ఎంసెట్‌కి పేరు మారి చాలా రోజులైనా మా ఇంట్లో అందరూ ఎంసెట్ అనే అంటారు. తర్వాత పేర్ల విషయం. నోరు తెరిచానో లేదో అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావగారు కాస్త చిన్నబుచ్చుకున్నట్టే, "నా పేరు మీద ఉంటే నేనేమైనా ఎత్తుకుపోతానా అమ్మా?" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆదుకున్నది మామయ్య. ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, వాళ్ళది కోదాడ వైపు పల్లెటూరు. "మన ఊళ్ళో ఉమ్మడి బోరు వేశాం గుర్తుందా? ముగ్గురు అన్నదమ్ములం. నీళ్ళు పుష్కలంగా ఉన్నన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. మోటరు కాలిపోయిన రోజు మొదలైంది. నా మడికి నీళ్ళు తక్కువొచ్చాయి, నేను రిపేరుకి తక్కువ ఇస్తానన్నాడు మా తమ్ముడు. మూడేళ్ళు మాటల్లేవు. అందులో ఎవడూ దొంగ కాదురా" అన్నారు. తర్వాత, "అయినా పాతికేళ్ళంటే నాకు తొంభై ఏడొస్తాయి. నన్ను ఏ రిసార్టులో పడుకోబెడతారు?" అని నవ్వించారు. బావగారు కూడా నవ్వారు. రద్దు చేద్దాం అని ఆయనే అన్నారు.

అక్క మాత్రం నవ్వలేదు. గిన్నెలు కడుగుతుంటే నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "నీకైతే ఆఫీసు వాళ్ళు గోవా తీసుకెళ్ళారు, వైజాగ్ తీసుకెళ్ళారు. నాకెవరు తీసుకెళ్తారు? డబ్బు కట్టేస్తే కనీసం డబ్బు పోతుందనైనా బయలుదేరతారు కదా అనుకున్నా" అంది. ఈ వ్యవహారం మొత్తంలో నేను జవాబు చెప్పలేకపోయిన మాట అదొక్కటే. నా కాగితం మీద దానికి గడి లేదు. చాలామంది ఆడవాళ్ళు ఇలాంటి చోట సరే అనేది ఇందుకే అని నా నమ్మకం. లెక్క తెలియక కాదు.

17న, సోమవారం రద్దు కాగితాలు పంపాం. బావగారు రిజిస్టర్ చేసుకున్న మెయిల్ నుంచే కస్టమర్ కేర్‌కి మెయిల్ చేశాం. అదే ఉత్తరం ప్రింటు తీసి, ఇద్దరి సంతకాలతో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో కంపెనీ ఆఫీసుకి పంపాం. అప్లికేషన్ నంబరు, కట్టిన తేదీ, మొత్తం, గడువులోపలే రద్దు చేస్తున్నామన్న వాక్యం, అంతే. కారణాలు రాయొద్దని మాకు తెలిసిన లాయరు గారు చెప్పారు. కారణం రాస్తే దానికి పరిష్కారం చూపిస్తామని మాటలు మొదలుపెడతారట. ఫోన్‌లో చెబితే చాలు సార్ అని ఆ టేబుల్ అబ్బాయి అన్నాడు కానీ ఫోన్‌లో చెప్పింది రేపు ఎక్కడా కనపడదు.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఈఎంఐ కోసం ఆ రోజే బ్యాంకు మాండేట్ ఫారం (నెలనెలా ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద సంతకం, క్యాన్సిల్ చేసిన చెక్కు కూడా ఇచ్చాం. మెంబర్‌షిప్ రద్దయినా ఆ మాండేట్ దానంతటది పోదు. బావగారు బ్యాంకుకి వెళ్ళి అది కూడా ఆపించారు. ఈలోగా క్రెడిట్ కార్డు బ్యాంకు నుంచి, మీ 84,000 ఈఎంఐగా మారుస్తాం అని మెసేజీలు. అలా మారిస్తే తర్వాత రీఫండ్ వచ్చినా ప్రాసెసింగ్ ఫీజు, దాని జీఎస్టీ వెనక్కి రావు, అందుకే ముట్టుకోలేదు. బిల్లు గడువు రీఫండ్ కన్నా ముందే వచ్చింది. మూడు ఇళ్ళూ తలా 28,000 వేసుకుని కట్టేశాం.

18న కంపెనీ నుంచి మెయిల్ అందిందని జవాబు, 45 పని దినాల్లో రీఫండ్ అని. అక్కడితో అయిపోలేదు. వారంపాటు రకరకాల నంబర్ల నుంచి ఫోన్లు. సీనియర్ మేనేజర్‌నంటూ ఒకాయన 7,20,000కి ఇస్తానన్నాడు. "చూశారా, తగ్గించారు" అని అక్క మళ్ళీ ఆశగా చూసింది. మామయ్య నా వైపు చూశారు. నేను ఏమీ అనలేదు, బావగారే ఫోన్ పెట్టేశారు. వెరిఫికేషన్ కాల్ అని ఇంకొకటి వచ్చింది, నిబంధనలన్నీ అర్థమయ్యాయని ఒప్పుకుంటున్నారా, కాల్ రికార్డవుతోంది అని. అవునని చెప్పకుండా, రద్దు ఉత్తరం పంపాం అని మాత్రం చెప్పి పెట్టేశారు.

శివరాత్రి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. డబ్బు రాలేదు. మెయిల్ పెడితే ప్రాసెస్‌లో ఉంది అన్న ఒకే వాక్యం. ఇంట్లో ఎవరూ పైకి అనరు కానీ, విజయవాడ ఫోన్ ఎప్పుడొచ్చినా చివర్లో "ఆ డబ్బులు వచ్చాయా?" అన్న మాట ఉండేది. ఏప్రిల్ 28న కార్డులో పడింది. 84,000 కాదు, 78,100. అయిదు వేలు అడ్మినిస్ట్రేషన్ చార్జీ, దాని మీద జీఎస్టీ 900.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఈ 5,900 ఎవరు భరించాలి? తలా 1,967 అని బావగారు గ్రూపులో పెట్టారు. ఆడపడుచు నాకు విడిగా ఫోన్ చేసింది. "మేము సంతకమే పెట్టలేదు కదా వదినా, ఆయన అడుగుతున్నారు" అంది. మా ఆయనేమో, రద్దు చేద్దామంది మనమైతే మనం భరించాలా అని గొణిగారు. అక్క వైపు నుంచి ఇంకో మాట వచ్చే ఉంటుంది, నా దాకా రాలేదు. ఆరు వేల లోపు డబ్బుకి మూడు ఇళ్ళలో మూడు రకాల న్యాయం. 25 ఏళ్ళపాటు ఏటా 35,400 ఎలా పంచుకునేవాళ్ళమో నాకు అప్పుడు కళ్ళకు కట్టింది.

ఏప్రిల్ 30న కంపెనీ ఫిర్యాదుల విభాగానికి నిబంధన ఉన్న పేజీ ఫొటోతో మెయిల్ పెట్టి, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు, వివరాలు కంపెనీకి పంపుతామన్నారు. అగ్రిమెంట్‌లో ఏ వివాదమైనా వేరే రాష్ట్రంలో వాళ్ళ ఊరి కోర్టులోనే తేల్చుకోవాలని రాసుంది. దానికి భయపడక్కర్లేదని లాయరు గారు చెప్పారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. మాకు అంతదాకా రాలేదు. మే 19న ఆ 5,900 కూడా వచ్చేసింది, సారీ అని ఒక మెయిల్‌తో. బావగారు అదే రోజు అందరికీ ఫోన్‌పే చేశారు, రూపాయి తేడా లేకుండా.

జూన్ మొదటి వారంలో బావగారి కుటుంబం, మేము, కాచిగూడలో మైసూరు రైలెక్కి కూర్గ్ వెళ్ళొచ్చాం. అక్కే టికెట్లు బుక్ చేసింది, అక్కే హోమ్‌స్టే వెతికింది. ఆ టాబ్లెట్‌లో చూసిన రిసార్ట్ గదులు కూడా హోటల్ బుకింగ్ సైట్లలో మామూలుగానే దొరుకుతున్నాయి, మెంబర్ కానక్కర్లేదు. రేటు చూసి అక్కే వద్దంది. మడికేరిలో అప్పటికే వానలు మొదలయ్యాయి, కాఫీ తోటలో నడిస్తే జలగలు పట్టాయి, పిల్లలు ఒకటే కేకలు. అక్క జలగ మీద ఉప్పు చల్లుతూ కూడా ఫొటో తీయించుకుంది.

ఇప్పుడు మేమూ, బావగారూ నెలకి మూడు వేలు చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం, ఎవరి పేరు మీద వాళ్ళు. బావగారింట్లో అది అక్క పేరు మీద. ఆడపడుచు వాళ్ళు ఇంకా ఆలోచిస్తామన్నారు.